పట్టుపురుగులకు నేను పెట్టిన సోలారు ఫ్యాన్లు

నవ్వేది ఉంటే ఇప్పుడే నవ్వేసేయండప్పా, మధ్యలో నవ్వితే నేను చెప్పలేను. ఈ పొద్దు టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకొని తాగతాండానంటే ఊరికే కాదు. భుజాలు పైకి లేయడం లేదు. పొద్దున చొక్కా కూడా మా ఇంటామే తొడిగింది. తొడగతా తొడగతా ఒక మాట అనింది, అది మీకు చెప్పను. నిన్న రొళ్ల అవతల మా అక్కావాళ్ళ తోటలో నా పరువు ఎట్ల పోయిందో అది మాత్రం చెప్తా. నేను చెప్పకపోయినా మీకు తెలిసేదే, ఆ పక్క ఊర్లన్నిట్లో అప్పుడే తెలిసిపోయింది.

హిందూపురంలో నాది కరెంటు సామాన్ల షాపని మీకు తెలుసు. వైర్లు, స్విచ్చులు, బల్బులు, ఫ్యాన్లు. సోలారు మాత్రం నేను జన్మలో పెట్టింది లేదు. ఫోన్లో వీడియోలు చూసినా, అంతే. భోజనం చేస్తా చూసినా, పడుకోని చూసినా, షాపులో గిరాకీ వచ్చి నిలబడినా చూసినా. చూసి చూసి ఆఖరుకు దీంట్లో నాకు తెలియంది ఏమీ లేదు అనే కాడికి వచ్చినా. మనిషికి ఆ స్టేజి చానా డేంజరప్పా.

మా బావ, అంటే మా అక్క మొగుడు, పట్టుపురుగులు సాకతాడు. ఇల్లు, పురుగుల షెడ్డు, మల్బరీ తోట, అంతా ఒకే తావున ఉంటాది, ఊరికి చానా దూరం. నీళ్ళకు డీజిల్ ఇంజను ఉండాది గానీ కరెంటు లేదు. స్తంభాలు ఊరి బయటే నిలిచిపోయినాయి. తోట దాకా లైను లాక్కోవాలంటే అయ్యే దుడ్లకు ఇంకో తోటే కొనొచ్చు. పోయిన పంటప్పుడు ఎండలు ముదిరి, షెడ్డులో గాలాడక సగం పురుగు చచ్చిపోయింది. గూడు కట్టే ముందర పురుగు లావుగా, మెత్తగా ఉంటాది, ఆ టైములో దానికి గాలి లేకపోతే ఆకు తినేది మానేస్తాది. మానేసిందంటే ఇంక అయిపోయినట్లే. ఈసారి కూడా అట్లే అయితే షెడ్డుకు తాళమేసి బెంగుళూరుకు పోయి సెక్యూరిటీ పనిలో చేరతా అని బావ అనేసినాడంట. అక్క ఫోన్లో ఆ మాట చెప్తాంటే గొంతు వణికింది. మా అక్క గొంతు వణికేది నేను ఎప్పుడూ వినలేదు. వెంటనే అనేసినా, ఫ్యాన్లు తిప్పే పూచీ నాది, బావను యాడికీ పోనీయొద్దు అని.

అనేసినంక గదా సినిమా మొదలయ్యేది.

కొత్త సామాను కొనే యోగ్యత బావకు లేదు, పోయిన పంట పోయిండాది. నేను పెట్టుకుందామంటే మా ఇంటామె ఉండాది. సరే, పాత సామాన్లు వెతికినా. ధర్మవరంలో ఒక పట్టుచీరల వ్యాపారి మిద్దె మీద కొత్త ప్యానెళ్ళు పెట్టించుకొని పాతవి గోడకు ఆనించి పెట్టిండాడని తెలిసి పరిగెత్తినా. ఆయన చీరలమ్మే మనిషి గదా, ప్యానెల్ను కూడా చీర మాదిరే చూపించినాడు. చెయ్యి పెట్టి చూడు, అంచు చూడు, వెనక పక్క చూడు, ఎన్నేండ్లైనా మెరుపు తగ్గదు. రెండు ప్యానెళ్ళు పాత దుప్పట్లలో చుట్టి తెచ్చుకున్యా. పెనుగొండలో మా చిన్నాయన కొడుకు జెరాక్స్ అంగడి మూసేసినాడు, వాని దగ్గర ఒక బుల్లి ఇన్వర్టర్ ఊరికే పడుండె, వాన్ని బతిమాలి తీసుకున్యా. బ్యాటరీ మా షాపుదే. ఫ్యాన్లూ మా షాపువే, డబ్బా నలిగినాయని ఎవరూ కొనని రకం. ప్యానెళ్ళు ధర్మవరం, ఇన్వర్టర్ పెనుగొండ, బ్యాటరీ హిందూపురం. తెలివి ఒకటే నా సొంతం.

డిజైను కూడా నేనే వేసినా. వీడియోల్లో ఒకాయన పదే పదే చెప్తాడు, ముందు ఇంట్లో ఏమేం నడపల్లో అన్నీ విచారించుకోండి, ఆ తర్వాతే ఎంత సోలారు కావల్లో లెక్కేయండి అని. నేను అదే చేసినా. బావను మంచం మీద కూర్చోబెట్టి డాక్టరు మాదిరి అడిగినా. ఏమేం నడపల్ల బావా? షెడ్డులోకి ఫ్యాన్లు అన్నాడు. ఇంకా? లైట్లు. ఇంకా? ఫోను ఛార్జింగు. బాగా ఆలోచించుకో బావా, తర్వాత అది కావల్ల ఇది కావల్ల అంటే కుదరదు అని గట్టిగా చెప్పినా. బావ ఆకాశం పక్క చూసి, తోట పక్క చూసి, అంతేలేబ్బా అన్నాడు. అక్క పక్కనే పొయ్యి కాడ సంగటి కెలకతాండాది. మా ఇద్దరిలో ఎవురూ ఆ పక్క తల తిప్పలేదు. అడిగితే బాగుండు అని కూడా నాకు తట్టలేదు, నిజం చెప్తాండా.

ప్యానెళ్ళు నిలబెట్టే దినం అత్తతో, అంటే బావ వాళ్ళ అమ్మతో, చిన్న తగువు. తగువు అంటే ఆమె గట్టిగా అరిచే మనిషి కాదు. నిదానంగా ఒక మాట అని మల్లా తమలపాకు నములుకుంటా కూర్చుంటాది. ప్యానెళ్ళ మొగం దక్షిణం పక్కకు పెడతాంటే చూసి, ఆ దిక్కుకు మొగం పెట్టి ఎవురన్నా మంచి పని మొదలుపెడతారా అబ్బా అనింది. నేను ఊరుకుంటానా? సూర్యుడు మనకు యాడ నుంచి యాడికి పోతాడో, దక్షిణానికి వాలిస్తే ఏడాదంతా ఎండ ఎట్ల పడతాదో, చెయ్యి తిప్పి తిప్పి క్లాసు చెప్పినా. ఆమె అంతా వినింది. నువ్వు చదువుకున్న్యావు, నీ ఇష్టం అనింది. గెలిచినా అనుకున్యా.

ఆ తర్వాత అక్కకు కూడా క్లాసే. ఇన్వర్టర్ వంటింటి గోడకు బిగిచ్చినా, అందరికీ అందుబాటులో ఉంటాదని. దాని కింద ఇంకో ప్లగ్గు కూడా పెట్టినా, ఫోన్లకని. ఇన్వర్టరుకు ఒక ఎర్ర బటను ఉండాది. ఒకోసారి కుయ్యిమని ఆగిపోతాదక్కా, భయపడద్దు, ఈ ఎర్ర బటను ఒత్తు, మల్లా వచ్చేస్తాది అని చెప్పినా. ఆమెతో రెండుసార్లు ఒత్తించి చూపించినా. ఎందుకు ఆగిపోతాదో మాత్రం చెప్పలేదు. ఆడోళ్ళకు అంత లోతు ఎందుకులే అనుకున్యా. చూసినారా నా బుద్ధి!

స్విచ్చి వేస్తే ఫ్యాన్లు తిరిగినాయప్పా. బావ షెడ్డులో నిలబడుకొని, తల పైకెత్తి, అట్లే చూస్తాండాడు. కండ్లలో నీళ్ళు. చొక్కా గుండీలు ఇప్పి ఆ గాలి ముందర నిలబడినాడు. నాకు కూడా ఏడుపొచ్చింది, అది దాచుకునేదానికి వైరు సరిచేస్తాన్నట్లు పక్కకు తిరుక్కున్యా. ఆ పొద్దు నుంచి షెడ్డులో ఎండ వేళకు కూడా పురుగు ఆకు తింటానే ఉండాది. బావ ఫోను చేసి దినమూ అదే చెప్పేది. నేను షాపుకు వచ్చినోళ్ళందరికీ చెప్పేది. బల్బు కొనేదానికి వచ్చినోనికి కూడా సోలారు చెప్పి పంపినా. బావ వాళ్ళ పక్క ఊరి రైతు ఒకాయన, రంగప్ప అని, ఆయనదీ పట్టుపురుగుల షెడ్డే. నేనే ఫోను చేసి, ఆదివారం రాప్పా, వచ్చి కండ్లారా చూడు, నీకూ ఇట్లాంటిదే పెట్టిస్తా అని పిలిచినా. సొంత సోలారు బిజినెస్సు అనే ఆశ పుట్టిందిలే. బోర్డు మీద పేరు కూడా అనుకున్యా.

ఆ ఆదివారమే నిన్న.

అక్క ముందు దినమే చెప్పింది, నీకోసం పూర్ణం పెట్టి ఓళిగలు చేస్తాండా, కడుపు ఖాళీ పెట్టుకొని రా అని. ఖాళీగానే పోయినా. పోయేసరికి ఇల్లంతా నెయ్యి వాసన. బావ ఆకు కోసుకొచ్చేదానికి తోటలోకి పోయిండాడు. అత్త అరుగు మీద కూర్చోనుండాది. అక్క నన్ను విస్తరాకు ముందర కూర్చోబెట్టి, ఓళిగ మీద ఓళిగ ఏసి, నెయ్యి పోసి, చెంబుతో నీళ్ళు పెట్టింది. నోట్లో పెట్టుకుంటే కరిగిపోతాండాది. చిన్నప్పటి నుంచీ మా అక్క ఓళిగలు తింటాండా, పూర్ణం ఇంత మెత్తగా ఎప్పుడూ రాలేదు. పలుకు అనేది తగల్లేదు. ఏమక్కా ఈసారి ఇంత మెత్తగా వచ్చింది అని అడిగినా. నీ పుణ్యమేరా అనింది నవ్వతా. నా రాక సంతోషానికి అంటాందిలే అనుకొని, ఇంకొకటి ఏయించుకున్యా.

అప్పుడు బావ వచ్చినాడు. తల మీద ఆకు మోపు అట్లే ఉండాది, దించను కూడా లేదు. ఫ్యాన్లు తిరగడం లేదబ్బా అన్నాడు.

నేను లేయలేదు. లేసే పొజిషన్లో లేను. ఏం కాదు బావా, మబ్బు అడ్డమొచ్చింటాది అన్నా. బావ బయటికి చూసినాడు. నేనూ చూసినా. ఆకాశంలో దూదింత మబ్బు లేదు, ఎండ మొగం మీద కొడతాండాది. సరే అని చెయ్యి కడుక్కొని, ప్యానెళ్ళ కాడికి పోయినా. బట్టతో తుడిచినా. వైర్లు పట్టి ఊపినా. ఉడతలు కొరికినాయేమో అని నేల మీద పడుకొని చూసినా. ధర్మవరం ఆయన మోసం చేసినాడు, చీర మాదిరి చూపించినప్పుడే నాకు అనుమానం వచ్చింది అని బావతో అన్నా. బ్యాటరీ చూస్తే నిండుగా ఉండాది. ప్యానెళ్ళ నుంచి కరెంటు దండిగా వస్తాండాది. అయినా ఫ్యాన్లు కదలవు. బావ తల మీద మోపుతోనే నా వెనకాలే తిరగతాండాడు.

ఇంక మిగిలింది ఇన్వర్టర్. వంటింట్లోకి పోయి దాని మీద చెయ్యి పెడితే చురుక్కుమనింది. మూత ఇప్పినా. లోపల నల్లగా మాడిపోయిండాది, నెయ్యి వాసనలో ఆ మాడు వాసన ఎవరికీ తెలియలేదు. ప్యానెళ్ళు ఎంత పని చేస్తే ఏం, బ్యాటరీ ఎంత నిండుంటే ఏం, దాన్ని ఫ్యాన్లకు పనికొచ్చే కరెంటుగా మార్చేది ఆ డబ్బానే. అది కాస్తా పోయింది. అప్పుడు కిందికి చూసినా. ఫోన్ల ప్లగ్గులో ఒక మిక్సీ వైరు. వైరు వెంబడే చూస్తే మిక్సీ. గిన్నెలో అంచుకు ఇంకా పూర్ణం అంటుకొని ఉండాది.

ఆ మిక్సీ నాకు బాగా తెలుసు. అక్క పెండ్లికి మా షాపులోంచి నేనే తెచ్చిచ్చినా. తోటలో కరెంటు లేక ఇన్నేండ్లూ అట్టపెట్టెలోనే ఉండిపోయింది. పాపం, అక్క దాన్ని ఏడాదికొకసారి తుడిచి మల్లా పెట్టెలో పెట్టేదంట. ఇంట్లోకి కరెంటు వచ్చిందని తెలిసినాక బయటికి తీసింది. అదీ మొదటిసారి ఎవరి కోసం? నా ఓళిగల కోసం.

బుల్లి ఇన్వర్టరుకు మిక్సీ అంటే ఎట్లప్పా, దూడ మీద ఎద్దు బరువు ఎత్తినట్లు. వేస్తానే ఆగిపోయింటాది గదక్కా, కుయ్యిమనలేదా అని అడిగినా.

"అనింది. నువ్వు చెప్పినట్లే ఎర్ర బటను ఒత్తినా. మల్లా వచ్చింది."

"మల్లా ఆగిపోలేదా?"

"ఆగిపోయింది. మల్లా ఒత్తినా."

"ఎంతసేపు ఒత్తినావక్కా అట్ల?"

"పూర్ణం మెత్తగయ్యేదాకా."

ఒక మాట నాతో చెప్పొద్దా అక్కా మిక్సీ వేస్తాండానని అన్నా, కొంచెం గట్టిగానే. మా అక్క పెనం దించి, కొంగుతో చేతులు తుడుచుకొని, నా పక్క తిరిగింది.

"పురుగులకేం కావల్లని అడిగితివి. మీ బావకేం కావల్లని అడిగితివి. నాకేం కావల్లని అడిగితివా? మిక్సీ ఇచ్చింది నువ్వు, కరెంటు ఇచ్చింది నువ్వు. రెండూ కలిస్తే కాలిపోతాయని కూడా నువ్వే గదరా చెప్పల్ల."

ఆమె కండ్లలో నీళ్ళు చూసినా, అవి కోపానికి వచ్చినవి కాదు, పురుగుల కోసం వచ్చినవి. ఓళిగలు చేసి పంట పోగొట్టినానా అని బావ పక్క చూస్తాండాది. బావ ఆకు మోపు ఆడనే దించినాడు. బండి తాళం తీసుకొని, మీ షాపులో పెద్ద ఇన్వర్టర్ ఉంటాది గదా అని మాత్రం అడిగినాడు. ఉండాది బావా, కొత్తది, తీసుకొని రాపో, మా ఇంటామెకు నేను చెప్తా అన్నా. ఆ క్షణంలో మా ఇంటామెకు భయపడే తీరిక కూడా లేదు నాకు. రొళ్ల నుంచి హిందూపురం పోయి రావల్ల. అంతదాకా ఎండ ఆగుతాదా?

షెడ్డులోకి పోతే పెనం మీద నిలబడినట్లుండాది. నేనూ అక్కా గోనె పట్టలు తడిపి కిటికీలకు కట్టినాము. పురుగుల తట్టల పక్క చూసినా. తినడం లేదు. అన్నీ తలకాయలు పైకెత్తుకొని, కదలకుండా, ఫ్యాన్ల పక్క చూస్తాండాయి. నన్నే చూస్తాండాయేమో, ఏమో. అప్పుడు అత్త వచ్చింది, చేతిలో చాట. నా చేతికిచ్చి, ఆ మూల నుంచి ఈ మూలకు విసురుకుంటా రా అబ్బా అనింది. దక్షిణం మాట కూడా ఎత్తలేదు, ఎత్తింటే బాగుండు.

విసిరినా. చొక్కా ఇప్పేసి, పంచె ఎగ్గట్టి, ఆ మూల నుంచి ఈ మూలకు, ఈ మూల నుంచి ఆ మూలకు. ఒక తట్ట దగ్గర ఆగితే పక్క తట్ట నా పక్క చూస్తాది. అక్క ఇంకో పక్క తువ్వాలుతో విసరతాండాది. తిన్న ఓళిగలన్నీ చెమటయి కారిపోయినాయి. దేవుడా, ఈ పురుగులు బతికితే చాలు, సోలారు బిజినెస్సూ వద్దు, బోర్డూ వద్దు అని నిజంగా మొక్కుకున్యా. బావ సెక్యూరిటీ యూనిఫాం ఏసుకొని ఏదో అపార్ట్‌మెంటు గేటు కాడ నిలబడినట్లు కండ్ల ముందర కనపడతాండాది. చేతులు పడిపోతాండాయి, అయినా విసరతానే ఉండా.

పొద్దు కొంచెం వాలినంక అక్క నన్ను ఆగమని సైగ చేసింది. వంగి చూసినా. ఒక పురుగు తల దించి ఆకు అంచు కొరకతాండాది. దాని పక్కది కూడా. ఆ తర్వాత తట్ట తట్టంతా మొదలుపెట్టినాయి. అక్క నా తల మీద ఒక్క మొట్టికాయ ఏసి, నవ్వేసింది. బావ ఆ తర్వాత ఎప్పుడో వచ్చినాడు, పెద్ద ఇన్వర్టర్ పెట్టినాము, ఇప్పుడు ఫ్యాన్లూ తిరగతాండాయి, అక్క మిక్సీ కూడా. అది సరే. ఆయన రాకముందు ఇంకొకాయన వచ్చినాడు.

రంగప్ప. నేనే పిలిచినా గదా, మర్చేపోయినా. ఉతికిన తెల్లచొక్కా ఏసుకొని, బండి దిగి, ప్యానెళ్ళ చుట్టూ తిరిగి చూసినాడంట. బాగుండాదే అన్నాడంట. చెప్పులిడిసి, కాళ్ళు కడుక్కొని షెడ్డులోకి వచ్చినాడు. పైకి చూస్తే ఫ్యాన్లు గమ్మున ఉండాయి. కిందికి చూస్తే నేను, చొక్కా లేకుండా, చాట పట్టుకొని, అటూ ఇటూ. ఆయన నన్ను ఎప్పుడూ చూసింది లేదు, ఫోన్లో మాట్లాడిందే. అత్త పక్క తిరిగి, సోలారు గాలి అన్నారే, యాడుండాదమ్మా అని అడిగినాడు.

అత్త నిదానంగా తమలపాకు నములుకుంటా నా పక్క చెయ్యి చూపించింది.

"ఇదో, ఇదే. మా కోడలి తమ్ముడు. కరెంటు పన్లేదు దీనికి. పొద్దున ఓళిగలు పెడితిమి, అప్పటి నుంచి తిరగతానే ఉండాది."

రంగప్ప నవ్వలేదు. అదే నన్ను చంపింది. నన్ను పైనుంచి కింది దాకా బాగా చూసి, ధర్మవరంలో నేను ప్యానెళ్ళను చూసినట్లే చూసి, చానా సీరియస్‌గా అడిగినాడు, "మా ఇంట్లో దినమూ ఓళిగలు కుదరవప్పా. సంగటి పెడితే తిరగతావా?"

నేను చాట దించలేదు. తిరగతా, కానీ చట్నీ మాత్రం రోట్లో రుబ్బించు అన్నా.